తగ్గకపోతేనే

నంద్యాల,
జూన్ 16

ప్రియమైన వదినకు,

వందనాలు. నువ్వూ అన్నా బాగున్నారని తలుస్తాను. నేను హాస్టల్లో చేరిన రోజు నువ్వొక నియమం పెట్టావు. ఫోన్లో ఊ, ఆ తప్ప ఏమీ చెప్పవు కాబట్టి నెలకో ఉత్తరం రాయాలన్నావు. ఉద్యోగం వచ్చాక కూడా దాన్ని వదలదలచుకోలేదు. పైగా అన్న నా ఫోను స్పీకర్లో పెట్టి మెకానిక్ షెడ్డులో అందరికీ వినిపిస్తాడు.

ఎం.ఏ. తెలుగు చదివినదానికి ఆస్పత్రిలో ఏం పని అని నవ్వకు. ఇక్కడి ప్రైవేటు ఆస్పత్రిలో రోగులకిచ్చే కాగితాలను తేలిక తెలుగులోకి మార్చడం నా ఉద్యోగం. ఇదివరకు ఎవరో ఇంగ్లీషు నుంచి చేసిపెట్టారు. ఒక్కో వాక్యం ఐదారు వరుసలు. చదివేవాడు చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతాడు. మచ్చుకు ఒకటి చూడు: "శస్త్రచికిత్సకు పూర్వము రోగి ఆహారమును గాని ద్రవపదార్థములను గాని స్వీకరించియుండినచో మత్తుమందు ప్రభావమున వాంతియై తద్ద్వారా ఊపిరితిత్తులకు ప్రమాదము వాటిల్లు అవకాశమున్నందున ఉపవాసముండుట అవసరము." దీన్ని నేనిలా మార్చాను: "ఆపరేషన్‌కి ముందు మేము చెప్పిన సమయం నుంచి ఏమీ తినకండి, తాగకండి. తింటే మత్తులో వాంతి కావచ్చు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు."

కంప్యూటర్లో ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. మనం రాసింది చదవడానికి ఎంత తేలికో మార్కులు వేస్తుంది. వాక్యం పొడుగైతే పసుపు రంగు. "తప్ప", "అయినప్పటికీ", "పక్షంలో" లాంటివి కనిపిస్తే ఎరుపు. మా మేనేజర్ ప్రభాకర్ సార్ ఎరుపు ఉంటే ఒప్పుకోడు. "ఇది పల్లెటూరి ఆడోళ్లు చదివే కాగితమమ్మా. నువ్వేం ఎం.ఏ. పరీక్ష రాస్తాండావా?" అంటాడు.

మొన్న సంజామల నుంచి నబీ రసూల్ అనే పెద్దాయన వచ్చాడు. నేను రాసిన షుగరు కాగితాన్ని తనే కూడబలుక్కుని చదువుకున్నాడు. "ఇన్నాళ్లకు ఒక కాగితం నాతో మాట్లాడిండాది తల్లీ" అన్నాడు. ఆ పూట నాకు ఆకలే తెలియలేదు, అంత సంతోషం. నాలుగు కాగితాలు దీనితో పంపుతున్నాను. ఎర్ర సిరాతో దిద్ది పంపు, నా బడి రోజుల్లో దిద్దినట్టే.

నీ
అక్షయ


ఆళ్లగడ్డ,
జూలై 9

చిరంజీవి అక్షయకు,

వదిన దీవెనలు. కాగితాలు అందాయి. ఆపరేషన్‌కి ముందు తినకూడదన్నది బాగా రాశావు. ఎందుకు తినకూడదో కూడా చెప్పావు, అందుకే అది మనసులో నిలుస్తుంది. తక్కిన మూడూ నాకు నచ్చలేదు. "రోజూ నడవండి. నీళ్లు తాగండి. బాగుంటారు." ఇది మనిషితో మాట్లాడినట్టు లేదు, ఎద్దును అదిలించినట్టుంది.

మీ ప్రభాకర్ సారు మాట చదివి ఒళ్లు మండింది. పల్లెటూరి ఆడవాళ్లకు పొడుగు మాట తలకెక్కదని ఆయనకెవరు చెప్పారు? మా వీధి కుళాయి దగ్గర ఒక్క పూట నిలబడమను. "పోయినేడు అవుకులో పెండ్లి చేసుకున్న ఆయమ్మ చిన్నకొడుకు, అలిగి పుట్టింటికి పోయిన పెండ్లాన్ని తోడుకొస్తానని పోయినోడు, ఆన్నే మామ కాడ ఉండిపోయి ట్రాక్టరు తోలతాండాడంట" అని ఒక్క ఊపిరిలో చెబుతారు. వినేవాళ్లకు ఒక్క ముక్క కూడా జారిపోదు. ఎవరిది పెళ్లి, ఎవరిది అలక, ఎవరిది ట్రాక్టరు, అంతా బోధపడుతుంది. చదవలేకపోతే చదివి చెప్పడానికి పక్కన మనిషి ఉండాలి. అంతేగాని అర్థం కాదని విషయాన్ని కురచ చేస్తే ఎట్లా?

మా బడికీ ఈ జబ్బు పట్టింది. ఈసారి వచ్చిన చదువు పుస్తకంలో కాకి కథ ఉంది. కాకి వచ్చింది. కాకి నీళ్లు చూసింది. కాకి తాగింది. దాహం వేసిందని లేదు, నీళ్లు అడుగున ఉన్నాయని లేదు. రాళ్లు వేయకుండానే తాగేసింది. ఆరో తరగతి పిల్లల చేత ఇది చదివించాలంటే నాకు రోతగా ఉంది.

నా ఒంట్లో అంత బాగాలేదు. కొన్ని నెలలుగా నెలసరిలో రక్తం మరీ ఎక్కువ పోతోంది. క్లాసులో కుర్చీ పట్టుకుని నిలబడుతున్నాను. మీ అన్న ఆస్పత్రికి పోదామని పోరుతున్నాడు. సెలవులు చూసుకుని పోతాను. నువ్వు కంగారుపడకు.

నీ వదిన,
ప్రియదర్శిని


నంద్యాల,
ఆగస్టు 21

ప్రియమైన వదినకు,

వందనాలు. కాకి కథ మా గదిలో అందరికీ చదివి వినిపించాను, పడీపడీ నవ్వారు. కానీ వదినా, అన్నిటినీ అదే గాటన కట్టకు. తేలికగా రాసినంత మాత్రాన అబద్ధమైపోదు కదా.

నీ ఆరోగ్యం గురించి చదివి దిగులేసింది. సరిగ్గా ఆ విషయం మీదే ఈ నెల కాగితం తయారుచేశాం. ఒకటి దీనితో పెడుతున్నాను. నేనే రాశాను. చివర్లో ప్రభాకర్ సార్ కొంచెం కోసి సర్దాడు, అంతే. అన్ని కాగితాల్లోకీ దీనికే ఎక్కువ మార్కులొచ్చాయి, ఒక్క ఎరుపు గీత కూడా లేదు. వేలల్లో అచ్చు వేయిస్తున్నారు. వచ్చే నెల ఆళ్లగడ్డలో మా ఆస్పత్రి బ్రాంచి తెరుస్తున్నారు. అక్కడ ఆడవాళ్ల కోసం ఉచిత క్యాంపు పెడుతున్నారు. నువ్వు నంద్యాల దాకా రావలసిన పని లేదు, అక్కడే చూపించుకో.

నీ
అక్షయ


ఆళ్లగడ్డ,
నవంబరు 12

అక్షయకు,

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నువ్వు రాసిన ఉత్తరాలు అందాయి. కూర్చుని రాయడానికి వీలుకాక జవాబివ్వలేదు. ఇప్పుడు బడికి పోతున్నాను.

ఆగస్టులో నువ్వు పంపిన కాగితం గురించి ఒకటి అడగాలి. పెద్ద డాక్టర్లు రాసింది మొదట ఏముంది? దాన్ని నువ్వు ఎట్లా మార్చావు? మీ సారు కోసిందేమిటి? మూడూ విడివిడిగా, ఒక్క అక్షరం వదలకుండా రాసి పంపు. ఎందుకని అడగకు.

నువ్వు ఇంతకాలంగా పంపిన కాగితాలన్నీ మళ్లీ చదివాను. ఉప్పు లేని గంజి రోగికి పోస్తారు. ఒంట్లో బాగున్నవాళ్ల చేత కూడా అదే తాగిస్తున్నారు మీరు.

ప్రియదర్శిని


నంద్యాల,
నవంబరు 20

వదినకు,

నీ ఉత్తరం చూసి భయమేసింది. దీవెనలు లేవు, వదిన అని కూడా రాయలేదు. అన్నకు ఫోన్ చేస్తే "అంతా బాగుండాదిలే" అని పెట్టేశాడు. ఏమైంది వదినా? అడగకు అన్నావు కాబట్టి ముందు నువ్వడిగింది రాస్తాను.

ఇదివరకు ఇక్కడ పనిచేసి వెళ్లిపోయిన పెద్ద డాక్టరమ్మ రాసింది ఇది:

"అధిక రక్తస్రావంతో బాధపడే స్త్రీకి రక్తపరీక్ష, స్కానింగ్ చేసి కారణం తెలుసుకుని, కొన్ని నెలల పాటు మందులు వాడినా తగ్గని పక్షంలో, ఇతర చికిత్సలు కూడా ఆమెకు పనికిరావని నిర్ధారించుకున్న తర్వాత తప్ప గర్భసంచి తొలగించే ఆపరేషన్‌ను సూచించకూడదు, తొలగించవలసి వచ్చినప్పటికీ, ఆరోగ్యంగా ఉన్న అండాశయాలను, ఆమెకు వివరించి ఆమె ఒప్పుకుంటే తప్ప తీయకూడదు."

నేను రాసింది:

"నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందా? ముందు పరీక్షలు చేయించుకోండి. కొన్ని నెలలు మందులు వాడండి. చాలామందికి మందులతోనే తగ్గుతుంది. తగ్గకపోతేనే ఆపరేషన్ గురించి ఆలోచించాలి. అప్పుడు కూడా అండాశయాలు బాగుంటే ఉంచమని అడగండి."

అచ్చయింది:

"నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందా? పరీక్షలు చేయించుకోండి. మందులతో తగ్గకపోవచ్చు. ఆపరేషన్‌తో పూర్తిగా తగ్గుతుంది. భయం లేదు."

నేను అడగకపోలేదు. "సార్, తగ్గకపోతేనే అన్నది తీసేశారే" అన్నాను. "ఆ మాట పెడితే మార్కులు తగ్గతాండాయి. అయినా ఆపరేషన్ ఎప్పుడు చేయాలో డాక్టర్లు చూసుకుంటారు. కాగితం చదివి తేల్చుకోడానికి వాళ్లేమైనా డాక్టర్లా?" అన్నాడు. అదీ నిజమే కదా అనుకుని ఊరుకున్నాను. చదివినవాళ్లు ఎలాగూ డాక్టరును అడుగుతారు కదా వదినా?

దయచేసి ఏమైందో రాయి.

అక్షయ


ఆళ్లగడ్డ,
డిసెంబరు 2

అక్షయా,

అడుగుతారు. నేనూ అడిగాను.

సెప్టెంబరులో మీ ఆస్పత్రివాళ్లు ఇక్కడ క్యాంపు పెట్టారు. సంతలో గొర్రెలను నిలబెట్టినట్టు మమ్మల్ని వరుసలో నిలబెట్టారు. స్కానింగ్ చేసిన పిల్ల కంప్యూటర్ వైపు తప్ప నా ముఖం వైపు చూడలేదు. లోపల డాక్టరు కూడా తలెత్తలేదు. "సంచి పాడైంది. తీసేస్తే సరిపోతాది" అన్నాడు. "మందులతో తగ్గదా సార్?" అని అడిగాను. "కాగితం ఇచ్చిండారు గదమ్మా, చదువుకో. చదువుకున్నోళ్లే ఇట్ల అడిగితే ఎట్ల?" అన్నాడు. కాగితం విప్పాను. అది నీ కాగితమే.

"మందులతో తగ్గకపోవచ్చు." తగ్గకపోవచ్చు అంటే తగ్గనూ వచ్చు కదా అని ఒక్క క్షణం తోచింది. ఆ మాటకున్న రెండు ముఖాలూ నేను ఏటా పిల్లలకు చెప్పేదే. కానీ అది నీ రాత. మా ఇంట్లో పెరిగిన పిల్ల, నా చేత అక్షరాలు దిద్దించుకున్న పిల్ల, చెప్పవలసింది చెప్పకుండా వదలదనుకున్నాను. మీ అన్న కూడా అన్నాడు: "మన అక్షయ రాసిందే గదా, ఇంకా అనుమానం ఏందీ? తొందరగా సంతకం పెట్టు." పెట్టాను.

ఇక్కడి బ్రాంచిలోనే ఆపరేషన్ చేశారు. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు. సంతకానికి ముందు ఆ మాట ఎవరూ అనలేదు. తీసినదాన్ని స్టీలు గిన్నెలో తెచ్చి మీ అన్నకు చూపించి "చూడన్నా, ఎట్ల కుళ్లిపోయిండాదో" అన్నారట. మీ అన్న వరండా అంచుకు పోయి కక్కుకున్నాడు. ఆ తర్వాత ఆ గిన్నెలో నుంచి పరీక్షకు పంపిన ముక్క గురించి రిపోర్టు వచ్చింది. అందులో ఏ కుళ్లూ లేదు. ప్రమాదం లేని చిన్న గడ్డ ఉందట. కర్నూలులో ఒక డాక్టరమ్మకు చూపిస్తే ఆమె రిపోర్టు బల్ల మీద పెట్టి, "మాత్రలతో చూడాల్సింది. బాగున్న అండాశయాలు ఎందుకు తీశారు?" అని నన్నే అడిగింది.

అండాశయాలు లేక ఇప్పుడు క్లాసులో ఉన్నట్టుండి నిప్పుల్లో పడేసినట్టు ఒళ్లంతా మండుతుంది, వెంటనే చెమట. పిల్లలు చూస్తూ ఉంటారు. మోకాళ్లు ముసలిదానికి మాదిరి నొప్పి పెడతాయి. ఎంత స్నానం చేసినా ఒంటికి ఫినాయిల్ వాసన పోలేదనిపిస్తుంది. నా ఒళ్లంటే నాకే రోత పుట్టింది. నీకు చెబితే సెలవు పెట్టి వస్తావని మొదట మీ అన్నను చెప్పొద్దన్నాను. కర్నూలు పోయి వచ్చాక నీ ముఖం చూడబుద్ధి కాక చెప్పలేదు.

"కొంచెం కోసి సర్దాడు" అని ఆగస్టులో రాశావు. ఆ ఉత్తరం మళ్లీ చదివి చేతులు కడుక్కున్నాను.

నాకు అర్థమైంది ఒకటి రాస్తాను. మీ పెద్ద డాక్టరమ్మ వాక్యం పొడుగే, చదవడం కష్టమే. కానీ దానిలో నుంచి "తగ్గని పక్షంలో" తీసేస్తే వాక్యం నిలబడదు, కూలిపోతుంది. కోసినట్టు ఎవరికైనా తెలిసిపోతుంది. నువ్వు దాన్ని ముక్కలు చేశావు. తప్పు కాదు, బాగానే చేశావు, నువ్వు రాసింది నబీ రసూల్ కూడా చదువుకోగలడు. కానీ ముక్కలైనాక ఒక ముక్క ఎత్తేస్తే తక్కినవి ఏమీ ఎరగనట్టు నిలబడే ఉంటాయి. మీ సారుకు ఆ సంగతి తెలుసు. నీకూ తెలుసు. అయినా కాపలా కాయలేదు.

నా పక్క మంచం మీద కృష్ణమ్మ అని అవుకు దగ్గర నుంచి వచ్చిన కూలిమనిషి ఉండింది. ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. మత్తు దిగినాక నా వైపు తిరిగి, "టీచరమ్మా, చదువుకున్నోళ్లు మీరే పెట్టిండారు గదా అని నేనూ ఏలిముద్ర ఏసినా" అంది. నేను నిన్ను చూసి పెట్టాను. ఆమె నన్ను చూసి పెట్టింది. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నీ మీద ఎంత అసహ్యమో నా మీదా అంతే.

జవాబు రాయాలనిపిస్తే రాయి. క్షమించమని మాత్రం రాయకు.

ప్రియదర్శిని


నంద్యాల,
జనవరి 10

వదినకు,

నువ్వు వద్దన్నది రాయను. ఏం చేశానో రాస్తాను.

ప్రభాకర్ గదికి వెళ్లాను. ఇక ఆయన్ని సార్ అనలేను. టీలో బిస్కట్ ముంచుకుని తింటున్నాడు. నీ సంగతంతా చెప్పాను. మీసాలకంటిన పొడి తుడుచుకోకుండానే విన్నాడు. "అయ్యో, ముందే చెప్పింటే కన్సెషన్ ఇప్పించేవాణ్ని గదమ్మా" అన్నాడు. నా చెవులు నేనే నమ్మలేకపోయాను. "తగ్గకపోతేనే అన్న మాట ఎందుకు తీశారు?" అని గట్టిగా అడిగాను. అప్పుడు కుర్చీ వెనక్కి జరిపాడు. "చూడమ్మా, మాత్రలు రాసిచ్చి పంపితే బ్రాంచి నడుస్తాదా? డాక్టర్లకు, థియేటర్‌కు యాడనుంచి వస్తాయి దుడ్లు? ఇంగొకటి, ఆ కాగితం రాసింది నువ్వు. ఫైల్లో నీ పేరే ఉండాది. ఎక్కువ మాట్లాడితే నీకే చుట్టుకుంటాది. మీ వదినకు చెకప్పులు ఫ్రీగా చేయిస్తాంలే, పో" అని మళ్లీ బిస్కట్ అందుకున్నాడు. ఆ బిస్కట్ టీలో విరిగి పడితే వేలు పెట్టి తీసి నాక్కున్నాడు. అది చూస్తూ నిలబడ్డాను వదినా. ఇన్నాళ్లూ ఈ మనిషి మార్కులు వేస్తే మురిసిపోయానా అనిపించింది.

అక్కడి నుంచి తిన్నగా కింద ఓపీకి వచ్చాను. బెంచీల మీద ఆడవాళ్లు ఆ కాగితం చేతిలో పట్టుకుని కూర్చున్నారు. కొందరు దానితో విసురుకుంటున్నారు. మధ్యలో నిలబడి, "అమ్మా, ఆ కాగితం రాసింది నేనే. అందులో కొన్ని మాటలు తీసేశారు. ఇప్పుడు మొత్తం చదువుతాను, వినండి" అన్నాను. నేను మొదట రాసింది చదివాను. కొలిమిగుండ్ల నుంచి కోడలు అస్మాను తీసుకొచ్చిన జాన్‌బీ అనే పెద్దామె లేచి నిలబడింది. "ఇంగోసారి చెప్పుమ్మా. తగ్గకపోతేనే అన్నావా?" అని అడిగింది. "అవునమ్మా, తగ్గకపోతేనే" అన్నాను. "మరి ఈ పిల్లకు మాత్ర ఒక్కటన్నా ఇయ్యకుండానే రేపు ఆపరేషన్‌కు రమ్మన్నారే!" అంది. సెక్యూరిటీవాళ్లు నా చెయ్యి పట్టుకునేలోపు ఆమె కోడలి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. ఇంకా కొందరు లేచారు. అందరూ లేవలేదు. ఒకామె నన్ను చూసి, "పిచ్చిది మాదిరుండాది" అని పక్కకు జరిగి కూర్చుంది.

ఉద్యోగం ఆ పూటే పోయింది. ఫిర్యాదు రాసుకుని జిల్లా వైద్యాధికారి ఆఫీసుకు వెళ్లాను. అక్కడి ఉద్యోగి రెండు వైపులా తిప్పి చూసి, "ఇంత పొడుగుంటే ఎవరు చదువుతారమ్మా? నాలుగు ముక్కల్లో రాసుకురా పో" అన్నాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. మళ్లీ లోపలికి వెళ్లి, ఇట్లాగే తీసుకోండి అని బల్ల మీద పెట్టాను. ఆపరేషన్ అయినవాళ్లు ఎవరైనా స్వయంగా వచ్చి చెప్పకపోతే ఏమీ చేయలేమన్నారు.

నీ పేరు నేను చెప్పలేదు. రమ్మని అడిగే ముఖం కూడా నాకు లేదు. జరిగింది నీకు తెలియాలని మాత్రం రాస్తున్నాను.

అక్షయ


ఆళ్లగడ్డ,
ఫిబ్రవరి 14

అక్షయకు,

పోయిన వారం నంద్యాల వచ్చాను. నువ్వుండే వీధిలో నుంచే ఆటోలో పోయాను. దిగలేదు.

మీ అన్న వద్దన్నాడు. "మన ఇంటి ఆడమనిషి కడుపు గురించి ఆఫీసుల్లో చదువుతారా? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు. "గిన్నెలో పెట్టి నీకు చూపించేటప్పుడు నలుగురూ లేరా?" అన్నాను. పొద్దున్నే షెడ్డు మూసి, బస్సు దాకా నన్ను బండి మీద దింపాడు. దింపి, "నేను కూడా అనుమానపడలేదు గదా ప్రియా" అని ఒక్క మాట అని బండి తిప్పుకుని పోయాడు. పాపం, ఆ గిన్నె చూసిన నాటి నుంచి ఆయన ఇంట్లో మాంసం వండనివ్వడం లేదు.

కృష్ణమ్మను వెంటబెట్టుకుని ఆ వైద్యాధికారి ఆఫీసుకు పోయాను. నువ్వు చెప్పిన ఉద్యోగే కాబోలు, నేను చెప్పేది సగం విని కంప్యూటర్లో కొట్టి నా వైపు తిప్పాడు. "ఆపరేషన్ విషయంలో అసంతృప్తి" అని ఉంది. అసంతృప్తి! పప్పులో ఉప్పు తక్కువైతే అది అసంతృప్తి. "దీన్ని తుడిచెయ్యండి" అన్నాను. "సారాంశం రాసుకోవాల మేడం, అందరికీ ఇట్లనే రాస్తాం" అన్నాడు. అందరికీ అనే మాట విని నాకు మరీ రోత పుట్టింది. ఇదివరకు అక్కడికొచ్చి ఎంతమంది గోడు వెళ్లబోసుకున్నారో, అందరి కడుపుకోతా ఆ రెండు మాటల కింద చదునైపోయింది. ఒక తెల్ల కాగితం అడిగి తీసుకుని, నాది నేనే రాసిచ్చాను.

కృష్ణమ్మతో "నువ్వు చెప్పు" అన్నాను. ఆమె గోడకానుకుని చెప్పింది: "క్యాంపంటే కూలి మానుకుని పోయిన నాకు, మాత్ర మింగి చూడమని ఒక్క మాట కూడా చెప్పకుండా, చదవను రాని నా చేతికి కాగితం ఇచ్చి, పక్కన టీచరమ్మ పెట్టిండాది నువ్వూ పెట్టు అని ఏలు పట్టుకుని ముద్ర ఏయించి, నన్ను అడక్కుండా కడుపులో ఉండేటియన్నీ తీసేసి, ఇప్పుడు గంప ఎత్తలేని దాన్ని చేసి ఇంటికి పంపిండారు సార్." ఆ ఉద్యోగి "నిదానంగా, ముక్క ముక్కగా చెప్పమ్మా" అన్నాడు. "ముక్కలు చేయొద్దు, ఆమె చెప్పినట్టే ఉండాలి" అని నేను అదే వరుసలో రాసి ఆమెకు చదివి వినిపించాను. ఈసారి ఎందుకు వేస్తున్నదో తెలిసి వేలిముద్ర వేసింది.

మా ఇద్దరివీ తీసుకున్నారు, విచారణ జరిపిస్తామన్నారు. ఇక్కడి బ్రాంచిలో క్యాంపు ఆగిపోయింది. నీ కాగితం ఎక్కడా కనిపించడం లేదు, రాత్రికి రాత్రే ఎత్తేశారని హిమజ అనే నర్సు చెప్పింది. అది అవగాహన కోసం ఇచ్చింది మాత్రమేనని, రోగులే తప్పుగా అర్థం చేసుకున్నారని ఆస్పత్రివాళ్లు రాసిచ్చారట. మేము తప్పుగా అర్థం చేసుకున్నామట! చదవడం తేలిక కావాలని అంత పాటుపడినవాళ్లు, చివరికి చదవడం రాలేదని మమ్మల్నే అంటున్నారు. నాకు పోయింది తిరిగి రాదు. కృష్ణమ్మకూ రాదు. విచారణలో ఏం తేలుతుందో తెలియదు, తేలకపోనూవచ్చు.

వచ్చే సోమవారం ఆ ఆఫీసులోనే విచారణ. నువ్వు రావాలి. పెద్ద డాక్టరమ్మ రాసింది, నువ్వు రాసింది, కోయగా మిగిలింది, మూడూ నువ్వే అందరి ముందూ పైకి చదవాలి. ప్రభాకర్ ఎదురుగా ఉంటాడు. ఆస్పత్రి వకీలు నీదే తప్పంటాడు. నీ వంతు తప్పు ఎంతో అంత ఒప్పుకో, తక్కినది వాళ్ల ముఖాన చదువు. గొంతు వణికినా మధ్యలో ఆపకు.

నీ మీద రోత ఇంకా పోలేదు. పోయిందని రాయలేను. అయిపోయాక ఇంటికి రమ్మని కూడా ఇప్పుడే పిలవలేను. బస్టాండు దాకా మాత్రం కలిసి నడుద్దాం. మధ్యాహ్నం మాత్ర వేసుకునే ముందు నేను ఏదైనా తినాలి. వచ్చేటప్పుడు ఇడ్లీ కట్టించుకుని రా, కృష్ణమ్మకు కూడా. కారం వద్దు, ఒళ్లు మండుతుంది.

వదిన